పారకామ లెక్క

ఈ కొండమీద పేర్లే అంకెలు.
ఏడో బిడ్డ న్యాండ్వి, ఎనిమిదో బిడ్డ మినాని,
తొమ్మిదికి న్యాబెండా, పదికి బుచూమి.
జనాభా లెక్కలకని సర్కారు టాబ్లెట్ పట్టుకొచ్చినదాన్ని నేను,
గడప తొక్కకముందే సగం లెక్క
పిలుపుల్లోనే వినబడిపోతుంది.

న్గోజీ నుంచి రెండు గంటలు మోటారు సైకిలు వెనక,
ఆపైన కాళ్లు.
అరటాకుల సందుల్లో ఇళ్లు, ఇళ్ల సందుల్లో చిక్కుడు,
చిక్కుడు పాదుల సందుల్లో పిల్లలు.
ఖాళీగా ఉన్నది ఒక్క ఆకాశమే,
దానికి గట్లు వేసే పార ఇంకా దొరకలేదు.

మినాని తన పొలం చూపించాడు.
చెయ్యి తిప్పనక్కర్లేదు, వేలు చాలు.
వాళ్ల నాన్న నాటికి నలభై పారకామల వెడల్పట.
పదిమంది పుడితే ఆరుగురు నిలిచారు,
ఆరుగురిలో కొడుకులు నలుగురు.
తలా పది.
కిందటేడు వానల్లో గట్టు జానెడు జరిగిందని
పక్కనే ఉన్న అన్న న్యాండ్వితో మాటల్లేవు.
ఎవరు జరిపారో వానకే తెలియాలి.
ఇద్దరికీ కలిపి ఒకటే మేక,
అది మాత్రం ఆ గట్టుమీదే మేస్తుంది.

బుజుంబురాలో శిక్షణప్పుడు
టై కట్టుకున్న ఆఫీసరు తెరమీద గీత చూపించి అన్నాడు:
"మంది ఎక్కువైతే మజ్జిగ పలచన. అంతే విషయం."
మేమందరం రాసుకున్నాం.
ఇక్కడ ఆ మాట చెబితే మినాని భార్య స్కొలాస్తిక్
తలెత్తకుండానే అంది:
"మజ్జిగ సంగతి సరే, వెన్న ఎవరు తీసుకెళ్లారు?"
ఆమె ఒళ్లో చాటనిండా కాఫీ పళ్లు, ఎర్రగా.
కాఫీ రుచి తెలిసినవాళ్లు ఆ ఇంట్లో లేరు.
బస్తాలు లోయ దిగిపోతాయి,
సబ్బుముక్కై వస్తాయి, ఉప్పై వస్తాయి,
ఒక్కో ఏడు రానే రావు.

ఆమె ప్రశ్నని రాసుకోవాలనిపించింది.
ఆఫీసరు మాట కొట్టెయ్యాలనీ అనిపించలేదు.
కొండ సాగదు కదా.
వెన్న తిరిగొచ్చినా
పది పారకామలు పదకొండు కావు.

"గడిచిన ఏడు రోజుల్లో ఏదైనా పని చేశారా?"
ఇది ఇరవై మూడో ప్రశ్న.
"పనా? లేదు."
వీపున బిడ్డ, పక్కన నీళ్ల డబ్బా, గోళ్లలో మన్ను.
లేదు అనే గడిమీద వేలు పెట్టాను.
తెర ఒప్పుకుంది.

పిల్లలెంతమంది అన్నప్పుడు మాత్రం గొంతు తగ్గించింది.
"నలుగురు. ఇక రారు."
మూణ్ణెల్లకోసారి కట్టెలకని చెప్పి
ఆసుపత్రి దాకా నడిచి సూది వేయించుకొస్తుందట.
మోపు దారిలో కొంటుందట, అనుమానం రాకుండా.
"మా అత్త పదిమందిని కన్నది కొందరైనా మిగలాలని.
నా వాళ్ల జబ్బలు చూడు, నలుగురికీ టీకా మచ్చ.
మిగిలేవాళ్లే అయినప్పుడు అంతమంది ఎందుకు?"
నారు పోసినవాడు నీరు పోస్తాడని మినాని అంటాడట.
"పోస్తాడు. బిందె మొయ్యాల్సింది నేను."

దీనికీ గడి లేదు.

పెద్దపిల్ల ఫ్లోరిద్. పన్నెండేళ్లు.
బడిలో బెంచీకి ఆరుగురు,
అంచున ఉన్నవాళ్లు సగమే కూర్చుంటారు.
ఈ నెల తన వంతు అంచుదట.
నా భుజం మీంచి తెరలోకి తొంగిచూస్తూ
ఎవరూ అడగకుండానే లెక్క చెప్పింది:
"నాన్నవి పది. తమ్ముళ్లు ముగ్గురు.
మూడు మూళ్లు తొమ్మిది. శేషం ఒకటి."
కాసేపాగి,
"ఆడపిల్లకి పొలం ఉండదుగా. ఆ శేషం నేనే.
నన్నెక్కడ రాస్తావు?"

పైకీ కిందికీ జరిపి చూశాను.
చదువు అనే వరుసలో ఆరో తరగతి అని నొక్కాను.
తర్వాతేమిటని అది అడగలేదు.
అడిగి ఉంటే ఏం నొక్కేదాన్నో.

బ్యాటరీ పన్నెండు శాతం.
లోయలో ఇంకా తొమ్మిదిళ్లు, చీకటి పడేలోపు.
గట్టుమీద నడుస్తుంటే మేక ఎదురొచ్చి నిలబడింది.
ఇద్దరం ఒకర్నొకరం చూసుకున్నాం.
అదే కాస్త పక్కకి జరిగింది,
ఒక్క మనిషి పట్టేంత.